చదువుకు పెద్దదిక్కు: రఘుపతి వెంకటరత్నం నాయుడు



ఇంటర్ ఫలితాలు వచ్చి, కౌన్సెలింగ్ పూర్తయి, పిల్లనో పిల్లాడినో కాలేజీలో దింపి రావడానికి బయలుదేరే రోజు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. దౌల్తాబాద్ నుంచి కొడంగల్ వెళ్లి, అక్కడి నుంచి పరిగి, చేవెళ్ల మీదుగా హైదరాబాదు చేరతారు. చేతిలో పరుపు చుట్ట, బకెట్, పచ్చడి సీసాలు, సర్టిఫికెట్ల ఫైలు. కాలేజీ ఆఫీసులో మీరు చాలా ప్రశ్నలే అడుగుతారు. ఫీజు ఎన్ని విడతల్లో కట్టాలి, హాస్టల్లో భోజనం ఎలా ఉంటుంది, క్యాంపస్ ఉద్యోగాలు ఎందరికి వచ్చాయి, సెలవులు ఎప్పుడు ఇస్తారు. అన్నీ అడగవలసినవే.

అయితే తిరుగు బస్సులో కూర్చున్నాక మనసులో మెదిలే ప్రశ్న వేరే ఉంటుంది. ఇక్కడ స్కూల్లో మా అమ్మాయి రెండు రోజులు ముభావంగా ఉంటే క్లాస్ టీచర్ ఫోన్ చేసేది. అక్కడ మా అమ్మాయి దిగులుగా ఉందని గమనించేదెవరు? అంతమందిలో ఆమెకు పెద్దదిక్కు ఎవరు?

ఈ నెల మీకు చెప్పబోయేది ఆ ప్రశ్నకు తన జీవితంతో జవాబు చెప్పిన ఒక ప్రిన్సిపాల్ గురించి. ఆయన పేరు రఘుపతి వెంకటరత్నం నాయుడు. కోస్తాలో ఆయన్ను బ్రహ్మర్షి అనీ, కులపతి అనీ పిలుచుకున్నారు. ఆయన జీవితంలో మన తెలంగాణ గడ్డకూ చోటుంది.

సుబేదారు గారి అబ్బాయి

వెంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి అప్పయ్య నాయుడు సైన్యంలో సుబేదారు. సైన్యంలో పని చేసేవారి ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. తండ్రికి ఎక్కడ డ్యూటీ పడితే పిల్లల బాల్యం అక్కడ గడుస్తుంది. ఈ పిల్లవాడి చిన్ననాటి చదువు ఉత్తరాన చాందాలో సాగింది. నేడు మనం చంద్రాపూర్ అంటున్న ఊరు అదే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఉర్దూ. వాటితో పాటు పారశీకం కూడా నేర్చుకున్నారు. తర్వాత తండ్రికి హైదరాబాదు బదిలీ కావడంతో నిజాం హైస్కూలులో చేరారు.

ఇక్కడ మన ప్రాంతం తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగాలి. కొడంగల్ ప్రాంతం 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఇప్పటికీ మన పిల్లలు ఇంట్లో ఒక యాస, దుకాణంలో ఉర్దూ, సరిహద్దు అవతలి చుట్టాలతో కన్నడం, క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడతారు. పిల్లవాడికి ఏ భాషా పూర్తిగా రావడం లేదేమోనని కొందరు బెంగపడుతుంటారు. ఈ సుబేదారు గారి అబ్బాయి నాలుగు భాషల మధ్య పెరిగాడు. తర్వాత ఇంగ్లిష్‌లో ఎం.ఏ. చేసి, ఆ భాషలో ఆయన ఉపన్యాసం వినడానికే జనం వచ్చేంత వక్త అయ్యారు. భాషలు ఎక్కువైనందువల్ల పిల్లలు చెడిపోరు. వాటి మధ్య దారి చూపేవారు లేకపోతేనే ఇబ్బంది.

మద్రాసులో దొరికిన గురువు

పై చదువుకు ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో తెలుగు నేల మీద పై చదువులకు అవకాశాలు బహు తక్కువ. మద్రాసే పెద్ద గమ్యం. 1874లో సికింద్రాబాదు, వాడి మధ్య రైలు మార్గం వచ్చింది. బెజవాడ వైపు దారి పడేదాకా హైదరాబాదు నుంచి మద్రాసుకు రైలు దారి అంటే అదే. మన వికారాబాద్, తాండూరు మీదుగా వాడి చేరి, రాయచూరు వైపు మళ్లి వెళ్లాలి. తాండూరు స్టేషన్లో నిలబడి చూస్తే ఆ పట్టాలు నేటికీ కనిపిస్తాయి. కొడుకును అంత దూరం పంపిన ఆనాటి తల్లిదండ్రులకు ఫోను లేదు. వారాల తరబడి ఉత్తరం కోసం ఎదురు చూడడమే.

ఆ కాలేజీ ప్రిన్సిపాల్ విలియం మిల్లర్. స్కాట్లండు నుంచి 1862లో మద్రాసు వచ్చిన మతాచార్యుడు. అంటే మన కథానాయకుడు పుట్టిన సంవత్సరమే ఆయన గురువు ఈ దేశంలో అడుగు పెట్టారు. మిల్లర్ పెళ్లి చేసుకోలేదు. సొంత డబ్బు కాలేజీకే పెట్టారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు మహానగరంలో ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా పడి ఉండకూడదని హాస్టళ్లు కట్టించడం మీద శ్రద్ధ పెట్టారు. చదువు క్లాసు గదిలో ముగియదని, విద్యార్థి ఎవరి మధ్య బతుకుతున్నాడన్నదీ చదువులో భాగమేనని ఆయన నమ్మకం.

మిల్లర్‌లో మరో గుణం ఉంది. అది ఈ కథకు కీలకం. ఆయన మిషనరీ. ఆయన్ను పంపిన సంఘంలో చాలామంది, ఎంతమందిని క్రైస్తవంలోకి తెచ్చావని లెక్క అడిగే వాళ్లే. మిల్లర్ ఆ లెక్క మీద ఆధారపడలేదు. మంచి ఆలోచనలు సమాజంలో పాలలో తోడులా పని చేస్తాయని, ఫలితం నెమ్మదిగా, తాను ఊహించని రూపంలో వస్తుందని నమ్మారు. ఆయన శిష్యుడు వెంకటరత్నం నాయుడు గురువును జీవితాంతం తలుచుకున్నారు. ఆయన జీవన విధానాన్ని అనుసరించారు. అయితే క్రైస్తవంలో చేరలేదు. బ్రహ్మ సమాజంలో చేరారు. ఒకే దేవుడు, విగ్రహారాధన లేని ప్రార్థన, కుల భేదం లేని సమాజం అన్నవి ఆయన మార్గమయ్యాయి. శిష్యుడు వేరే దారి పట్టాడని గురువు చేయి వదల్లేదు. గురువు దారిలో నడవలేదని శిష్యుడి గౌరవమూ తగ్గలేదు.

తెల్లని బట్టల అధ్యాపకుడు

యౌవనంలోనే ఆయన భార్యను పోగొట్టుకున్నారు. ఆనాటి మగవారికి రెండో పెళ్లి చాలా మామూలు విషయం. చిన్న వయసులో భర్త పోయిన ఆడపిల్లకు మాత్రం ఆ అవకాశం లేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881లో మొదటి వితంతు వివాహం జరిపించి ఈ అన్యాయాన్ని బహిరంగంగా ఎదిరించారు. వీరేశలింగం బాటలో నడిచిన వెంకటరత్నం నాయుడు తాను మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండిపోయారు. తెల్లని బట్టలు, తెల్లని తలపాగా, పెరిగిన గడ్డం. ఆ రూపంతోనే ఆయన విద్యార్థులకు జ్ఞాపకం ఉండిపోయారు.

బందరు నోబుల్ కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో ఆయన దగ్గర చేరిన కుర్రవాళ్లలో ముట్నూరి కృష్ణారావు ఒకరు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1899లో ఆయన మన వైపు వచ్చారు. సికింద్రాబాదులోని మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ సంస్థ 1862లోనే చిన్న పాఠశాలగా మొదలైంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరుతో ప్రసిద్ధమైంది. 1893 ఫిబ్రవరి 13న, అమెరికా ప్రయాణానికి ముందు, స్వామి వివేకానంద ఉపన్యసించింది అక్కడే. మన పిల్లల్ని సికింద్రాబాదు తీసుకెళ్లినప్పుడు చూపించదగిన ఆవరణ అది. చాందాలో, హైదరాబాదులో నేర్చిన ఉర్దూ, పారశీకాలు తెలిసిన ఆ ప్రిన్సిపాల్‌కు ఇక్కడి విద్యార్థులు పరాయివాళ్లు కారు. 1904 దాకా అక్కడే ఉన్నారు.

కాకినాడలో 15 ఏళ్లు

ఆ తర్వాత ఆయన కాకినాడ వెళ్లారు. పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాల్‌గా 1919 దాకా, అంటే దాదాపు 15 ఏళ్లు పని చేశారు. ఈ కాలమే ఆయన జీవితానికి నడి బిందువు. మిల్లర్ దగ్గర చూసినదంతా ఇక్కడ ఆచరణలో పెట్టారు.

ఆయన చేసిన పనులు ఒక్కొక్కటీ చూడండి. పెద్ద పథకాలేమీ లేవు. జీతంలో తన ఖర్చు పోగా మిగిలినది పేద విద్యార్థుల ఫీజులకు, భోజనానికి పోయేది. తన ఖర్చు చాలా తక్కువ కాబట్టి మిగిలేది ఎక్కువే. దళిత విద్యార్థులకు చదువుకునే చోటు, ఉండే చోటు కల్పించారు. ఆ కాలంలో సత్రాల్లో, ఇళ్లల్లో, చివరికి నీళ్ల దగ్గర కూడా వారికి చోటు దొరకడం కష్టం. సీటు ఇచ్చి, నీ బస నువ్వే చూసుకో అంటే ఆ సీటు కాగితం మీదే మిగిలిపోతుందని ఆయనకు తెలుసు. అలాగే ఆడపిల్లల్ని కాలేజీలో చేర్చుకుని, మగపిల్లలతో కలిసి చదివే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు మనకు అది వింతగా తోచదు. ఆ రోజుల్లో ఊరు ఊరంతా చెవులు కొరుక్కునే విషయం. ఒక తండ్రి ధైర్యం చేసి కూతుర్ని పంపాలంటే, ప్రిన్సిపాల్ నడవడి మీద చెక్కుచెదరని నమ్మకం ఉండాలి. నాయుడు గారి తెల్లని బట్టలు, క్రమశిక్షణ ఆ నమ్మకానికి పూచీగా నిలిచాయి.

ఈ పనులకు డబ్బు కావాలి. కాలేజీ పోషకుడైన పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ ఆయన ప్రభావంలో పెరిగిన మనిషి. 1885లో పుట్టిన ఆ యువ రాజు నాయుడు గారిని గురువుగా భావించారు. కాకినాడలో అనాథ పిల్లలకు శరణాలయం, బ్రహ్మ సమాజ మందిరం, పేద విద్యార్థులకు సాయం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి వాటికి సంస్థానం ధనం వెళ్లింది. ఒక ప్రిన్సిపాల్ రాజుగారికీ పెద్దదిక్కే, ఫీజు కట్టలేని కుర్రవాడికీ పెద్దదిక్కే. ఇద్దరినీ ఒకే కంటితో చూడగలిగారు.

శిష్యులు ఎటు వెళ్లారు?

మంచి కాలేజీ ఏదో తెలుసుకోవాలంటే అక్కడ చదివినవాళ్లు ఏమయ్యారో చూడమంటారు. నాయుడు గారి శిష్యుల్ని కూడా అలా చూద్దాం.

బందరులో ఆయన ప్రియ శిష్యుడైన ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా కృష్ణా పత్రికకు సంపాదకుడు. జాతీయోద్యమం తెలుగు ఇళ్లలోకి చేరడంలో ఆ పత్రికకు పెద్ద పాత్ర ఉంది. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన ముగ్గురిలో ఆయన ఒకరు. బ్రిటిషు చదువుకు బదులుగా దేశీయ చదువు చెప్పాలన్నది ఆ కాలేజీ ఉద్దేశం. ఇక గురువో, బ్రిటిషు వారి విశ్వవిద్యాలయ వ్యవస్థలోనే ఉండి పని చేశారు. 1924లో అదే ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఇద్దరి రాజకీయాలు ఒకటి కావు.

కాకినాడలో ఆయన ప్రభావం పడినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఉన్నారు. పండిత కుటుంబంలో పుట్టి, బ్రహ్మ సమాజం వైపు మళ్లి, సంస్కరణ పనుల్లో తిరిగి, దానివల్ల సొంతవారి కోపానికి గురై, చివరికి తెలుగు భావకవిత్వానికి పర్యాయపదంగా నిలిచారు. ఆయన కృష్ణపక్షం 1925లో వచ్చింది. లెక్కలో ఉద్యోగం, జీతం అని చూస్తే ఆ కుర్రవాడి భవిష్యత్తు ఆ రోజుల్లో ఏ తండ్రికీ ధైర్యం ఇచ్చేది కాదు.

మూడో పేరు గుడిపాటి వెంకటచలం. 1911 ప్రాంతంలో కాకినాడ కాలేజీలో చేరి, నాయుడు గారి బోధలకు, బ్రహ్మ సమాజానికి ఆకర్షితుడయ్యారు. పెళ్లయిన తన భార్య చదువుకోవాలని పట్టుబట్టి, మద్రాసులో ఆమెను సైకిలు మీద బడికి తీసుకువెళ్లి పెద్దల ఆగ్రహం తెచ్చుకున్నారు. ఆడవారికీ చదువు, మనసు, గౌరవం ఉన్నాయన్న మాట గురువు చెప్పినదే. కానీ చలం అక్కడ ఆగలేదు. పెళ్లి, కుటుంబం, శీలం అన్న మాటల్నే ప్రశ్నించే కథలు, నవలలు రాశారు. పవిత్రతను ప్రాణంగా చూసుకున్న గురువు శిష్యుడి నుంచి అలాంటి రచనలు రావడం ఊరు ఊహించని మలుపు. ఆ చలమే పిల్లల పెంపకం మీద బిడ్డల శిక్షణ అనే పుస్తకం రాశారు. పిల్లల్ని కొట్టడం, భయపెట్టడం, మన కోరికల్ని వాళ్ల నెత్తిన రుద్దడం ఎందుకు తప్పో అందులో వాదించారు. తల్లిదండ్రులుగా మీరు చదవదగిన పుస్తకం అది. 1950లో ఆయన అరుణాచలం వెళ్లి, 1979లో పోయేదాకా అక్కడే ఉండిపోయారు.

ఒకరు దేశోద్యమ పత్రికా సంపాదకుడు, ఒకరు కవి, ఒకరు తిరుగుబాటు రచయిత, ఒకరు మహారాజు. నలుగురిలో ఏ ఒక్కరూ మరో వెంకటరత్నం నాయుడు కాలేదు. ఇటుకల బట్టీలో అచ్చు పోసినట్టు శిష్యుల్ని తయారు చేయాలని ఆయన అనుకుని ఉంటే, ఇది ఓటమి కింద లెక్క. మిల్లర్ నుంచి ఆయన నేర్చుకున్న కొలతతో చూస్తే ఇదే గెలుపు. నలుగురికీ ఒక్కటి మాత్రం ఉమ్మడిగా ఉంది. నమ్మినదాని కోసం నష్టపోవడానికి భయపడకపోవడం. అది పాఠ్య పుస్తకంలో దొరకదు. అలా బతికిన మనిషిని దగ్గరగా చూసినప్పుడే అంటుకుంటుంది.

ఆయన పరిమితులు

గొప్పవారి గురించి చెప్పేటప్పుడు ఒక పక్కే చెబితే పిల్లలు నమ్మరు. నాయుడు గారి కఠినత్వానికి మరో ముఖం ఉంది.

ఆ కాలంలో పెళ్లిళ్లలో, పెద్దల విందుల్లో భోగం మేళాలు పెట్టించడం హోదాగా ఉండేది. దానికి వ్యతిరేకంగా మద్రాసులో మొదలైన ఉద్యమంలో నాయుడు గారు ముందు వరుసలో నిలిచారు. 1893లో సంస్కర్తలు వైస్రాయికీ, మద్రాసు గవర్నరుకూ విన్నపం పంపారు, అలాంటి వేడుకలకు హాజరు కావద్దని. పాలకులు ఆ విన్నపాన్ని మన్నించలేదు. ఉద్యమం మాత్రం ఆగలేదు. చిన్న పిల్లల్ని ఆ వృత్తిలోకి తోయడాన్ని ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ కుటుంబాల ఆడవారి చేతుల్లో తరాలుగా నిలిచిన సంగీతం, నృత్యం, వారి జీవనోపాధి ఆ దెబ్బకు దెబ్బతిన్నాయి. ఆ స్త్రీలు ఏమంటున్నారో అడిగినవాళ్లు తక్కువ. చరిత్రకారులు ఇప్పుడు ఆ సంగతి గుర్తు చేస్తున్నారు.

మనకు దీనిలో ఒక హెచ్చరిక ఉంది. దారి చూపేవారికి తమ దారి మీద గట్టి నమ్మకం ఉంటుంది. ఎవరి బాగు కోసం పని చేస్తున్నామో వారి మాట వినడం ఆ నమ్మకంలో పడి మరిచిపోవచ్చు. సంస్కర్తలకైనా, ఉపాధ్యాయులకైనా, అమ్మానాన్నలకైనా ఈ ప్రమాదం ఒకటే.

గురువు కూర్చున్న కుర్చీలో

కాకినాడ వదిలాక కూడా ఆయన విద్యకు దూరం కాలేదు. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో అదే పదవిలో విలియం మిల్లర్ ఉన్నారు. మిల్లర్ 1907లో కాలేజీ బాధ్యతలు వదిలి, 1923లో స్కాట్లండులో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత ఆయన శిష్యుడు, మచిలీపట్నం సుబేదారు గారి కొడుకు, అదే కుర్చీలో కూర్చున్నారు. 1926లో తెలుగువారికంటూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి ఏడు ఆ విశ్వవిద్యాలయం నాయుడు గారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1928 దాకా వైస్ చాన్సలర్‌గా ఉండి, ఆ తర్వాత కాకినాడలోని తన ప్రార్థనలు, తన పిల్లలు అనుకున్నవారి మధ్యకు చేరారు. 1939 మే 26న కన్నుమూశారు.

ఇన్ని పదవుల తర్వాత కూడా కాకినాడ ఆయన్ను వైస్ చాన్సలర్‌గా కాక, ఫీజు కట్టిన ప్రిన్సిపాల్‌గా గుర్తు పెట్టుకుంది.

మన ఇంటికి ఏం పట్టుకెళ్దాం?

ఇప్పుడు కాలేజీలు మారాయి. ఒక్కో ఇంజినీరింగ్ కాలేజీలో వేలమంది విద్యార్థులు. ప్రిన్సిపాల్ ప్రతి ఒక్కరినీ ఎరగడం సాధ్యం కాదు. అందుకే మెంటర్ అనే ఏర్పాటు వచ్చింది. కొందరు విద్యార్థులకు ఒక అధ్యాపకుడు బాధ్యుడు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పిల్లల కోసం ఏఐసీటీఈ రూపొందించిన ప్రారంభ కార్యక్రమంలో 20 మందికి ఒక అధ్యాపకుణ్ణి మెంటర్‌గా పెట్టాలని ఉంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ కూడా ఒక్కో మెంటర్‌కు ఎందరు విద్యార్థులున్నారో అడుగుతూ వచ్చింది. కాబట్టి ఈ విషయం అడగడానికి మీరు మొహమాటపడనక్కర్లేదు. ఫీజు గురించి అడిగినంత సూటిగా అడగండి.

ఏం అడగాలి? మా అమ్మాయి మెంటర్ ఎవరు, ఆ అధ్యాపకుడి కింద ఎందరున్నారు, నెలలో ఎన్నిసార్లు కలుస్తారు, హాజరు తగ్గితేనే పిలుస్తారా, మామూలు రోజుల్లో కూడా మాట్లాడతారా, హాస్టల్లో రాత్రి ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి. పేరు చెప్పలేక, మా దగ్గర అన్ని ఏర్పాట్లూ ఉన్నాయని మాత్రమే అంటే, ఆ ఏర్పాటు రిజిస్టరులో మాత్రమే ఉందని అర్థం చేసుకోవచ్చు. ఒక మనిషి పేరు చెప్పి, వారితో రెండు నిమిషాలు మాట్లాడించగలిగితే మీ సగం బెంగ అక్కడే తీరుతుంది.

పిల్లలకు కూడా ఒక మాట చెప్పి పంపండి. పెద్దదిక్కు తనంతట తాను వచ్చి తలుపు తట్టదు. మన వైపు పిల్లలకు బిడియం ఎక్కువ. పెద్ద కాలేజీలో సార్ గది ముందు నిలబడి, లోపలికి వెళ్లలేక తిరిగొచ్చేస్తారు. మొదటి నెలలోనే ఒక్కసారి వెళ్లి తన ఊరు, తను చదివిన బడి, తనకు కష్టంగా ఉన్న సబ్జెక్టు చెప్పి రమ్మనండి. సాయం అడగడం చిన్నతనం కాదని మీ నోటితో వింటే వాళ్లకు ధైర్యం వస్తుంది. సీనియర్లలో మన ప్రాంతం వాళ్లు ఉంటే వాళ్ల నంబరు ఇప్పించండి. ఇంటి భాషలో కాసేపు మాట్లాడితే దిగులు సగం తగ్గుతుంది.

మీరు ఫోన్ చేసినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి కాకుండా చూడండి. తిన్నావా అన్న తర్వాత, ఈ వారం ఎవరితో మాట్లాడావు, ఏం కొత్తగా విన్నావు అని అడగండి. ఒంటరిగా ఉన్న పిల్ల ఈ ప్రశ్న దగ్గర తడబడుతుంది. మార్కుల ప్రశ్న దగ్గర మాత్రం అబద్ధం చెప్పి దాటేయగలదు.

అన్నిటికన్నా కష్టమైనది చివరిది. నాలుగేళ్లలో మీ పిల్లలు మారతారు. మీరు కట్టిన ఫీజుకు మీరు అనుకున్న మనిషే తయారై రావాలన్న హామీ ఏ కాలేజీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. కంప్యూటర్ సైన్స్‌లో చేరిన అబ్బాయి వ్యవసాయం మీద ఆసక్తితో తాండూరు కంది గురించి పరిశోధన చేస్తానంటూ రావచ్చు. డాక్టరు కావాలని మీరు కలగన్న అమ్మాయి చరిత్ర చదువుతానని పట్టుబట్టవచ్చు. ఆ రోజు మీకు కోపం వస్తుంది. సహజమే. అప్పుడు వాదనకు దిగేముందు, ఆ ఆలోచన ఎలా వచ్చిందో పూర్తిగా చెప్పనివ్వండి. ఆ దారిలో ఖర్చెంత, ఉపాధి ఏమిటి, ఆ రంగం తెలిసినవాళ్లు ఎవరున్నారు అని కలిసి కనుక్కోండి. లెక్క చూసుకున్నాక కూడా పిల్లలు అదే దారి అంటే, కాదనే ముందు మిల్లర్‌ను, నాయుడు గారిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

తన మతంలో చేరని శిష్యుణ్ణి మిల్లర్ దగ్గరే ఉంచుకున్నారు. ఆ శిష్యుడే పెద్దవాడై వందలమందికి పెద్దదిక్కు అయ్యారు. పిల్లలు మనం చూపిన దారిలోనే నడవకపోవచ్చు. చీకట్లో నడిచేటప్పుడు మనం పట్టిన దీపం మాత్రం వాళ్లకు గుర్తుంటుంది. వాళ్ల కాలేజీలో అలాంటి దీపం పట్టే మనిషి ఒకరు ఉన్నారో లేదో, ఈసారి దింపి వచ్చే ముందే కనుక్కోండి.